తుడిచే ముందు చూడమన్న మనిషి

ఈ నెల మొదట్లో ఒక మంగళవారం పొద్దున్న ఆఫీసు బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. పక్కింటి బాబాయి గారు నిద్రలోనే పోయారని చెప్పింది. బస్సు దిగి, దొరికిన ఆటో ఎక్కి దువ్వాడలోని మా ఇంటికి వెళ్లిపోయాను. ఆయన దగ్గర నేర్చుకున్న పనితోనే ఈ రోజు నేను బతుకుతున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. హార్బర్ దగ్గర ఒక గిడ్డంగి ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుని రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా వరండాలో కూర్చుని సొంతంగా నేర్చుకునేవారు. కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు లుంగీకి తుడుచుకోవడం ఆయన అలవాటు.

ఇంజినీరింగ్ చివరి ఏడాది నా ప్రాజెక్టు ఫిషింగ్ హార్బర్ మీద. ఏ పడవ ఏ రోజు ఏ చేప తెచ్చిందో నెలల తరబడి వెళ్లి, అడిగి, లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను. అదంతా డాకర్‌లో నడిచేది. ప్రోగ్రాముకు కావలసినవన్నీ కలిపి విడిగా ఒక కంటైనర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ అది. సోమవారం కాలేజీలో చూపించాలనగా శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్ బిగుసుకుపోయింది. డిస్కులో చోటు లేదు. డాకర్‌లో అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టే బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కబోయి, భయమేసి, లాప్‌టాప్ పట్టుకుని పక్కింటికి వెళ్లాను.

“ఏటి సేత్తన్నావమ్మా?”

“అంతా తీసేత్తన్నాను బాబాయ్. మళ్లీ పెట్టుకుంటాను.”

“మరి నీ సేపల వివరాలు? అవెక్కడున్నాయో సూసావా?”

చూడలేదు. ఏది ఎంత చోటు తింటోందో చూపించే చిన్న కమాండ్ ఒకటి నాచేత కొట్టించారు. సగానికి పైగా పాత బిల్డ్‌ల మిగులే, అంటే ప్రోగ్రామును మార్చి తయారుచేసిన ప్రతిసారీ పేరుకుపోయిన చెత్త. నా వివరాలు వాల్యూమ్ అనే వేరే చోట, చాలా కొద్దిగానే ఉన్నాయి. ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, ఆ తర్వాతే మిగులు తీసేయమన్నారు. అయినా చోటు పెరగలేదు. నా మొహం చూసి నవ్వారు.

“లోపల ఖాళీ సేసినా, డాకర్ అన్నీ దాసుకునే పైన ఫైలు పెద్దదిగానే ఉంటాది. దాన్ని కుదించాల.”

కుదించాక డిస్కు ఖాళీ అయింది. ఎనిమిది జీబీ మెమరీలో నాలుగుకు మించి డాకర్ తీసుకోకుండా హద్దు కూడా పెట్టించారు. “ఇల్లంతా దానికే ఇచ్చేత్తే నువ్వెక్కడ కూకుంటావ్?” అన్నారు.

అంత నిదానం ఎలా వచ్చిందని అడిగాను.

“నాను ఓపాలి గిడ్డంగిలో కంప్యూటర్ని సూడకుండా తుడిసేసినానమ్మా. సరుకు మోసే కళాసీల నెల హాజరంతా పోయింది. మిషన్ పాడైందని సెప్పేయొచ్చు. సెప్పలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ ఎల్లి, తప్పు నాదేనని సెప్పి, అడిగి మళ్లీ రాసినాను. నాలుగు రోజులు పట్టింది. ఒకాయన తిట్టాడు. మిగతావోళ్లు పక్కన కూకోబెట్టుకుని టీ ఇచ్చారు.”

సోమవారం నా ప్రాజెక్టు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు మా టీములో ఎవరైనా డిస్కు నిండిందని వస్తే, లోపల ఏముందో ముందు చూపించమంటాను.

పదో రోజున వాళ్లింటికి వెళ్తే, చుట్టుపక్కల కాలేజీల పిల్లలు చాలామంది కనిపించారు. వాళ్లూ ఆయన దగ్గర నేర్చుకున్నవారేనని అప్పుడే తెలిసింది. క్లాసుల నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, లాప్‌టాప్ బ్యాగులు వరండా గోడకు ఆనించి లోపలికి వెళ్లారు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. పిన్ని గారు లోపలి నుంచి ఒక దుప్పటి తెచ్చి, ఆ బ్యాగుల మీద కప్పి, జల్లు తగలకుండా అంచులు సర్దుతూ అక్కడే ఉండిపోయారు.