మామ మురిసిన టాక్సు

మా వాడల ఇన్‌కం టాక్స్ కట్టిన మొదటి మనిషి మా ఆయన. గా మాట మా మామ చెప్పుకున్నంత సంబురంగ ఇంకెవ్వలూ చెప్పలే.

మాది కరీంనగర్ జిల్లాల సాలోళ్ళ వాడ. ఇంట్ల నేను, మా ఆయన, మామ, ముగ్గురమే. అత్త నా పెండ్లికి ముందే పోయింది. నడిమింట్ల మగ్గం గుంత. మామ పొద్దుపొడుపుకే గుంతల దిగి కూసుంటే నేను కండెలు చుట్టి అందిచ్చేదాన్ని. మా ఆయన జర సదువుకున్నడు, చేనేత సంఘంల నూలు చూసే పని చేస్తుండె. సంఘం నష్టంల వడి ఆయన్ని తీసేసిండ్రు. గప్పుడే బొంబాయి పత్తి కంపెనీ మనిషి ఒకాయన అటుదిక్కు వచ్చి, దారం సంగతి ఎరుకున్నోడని, ఆదిలాబాద్‌ల పత్తి చేతవట్టి మంచిదో చెడ్డదో చెప్పే పనికి పిలిచిండు.

కొలువు పత్తి సీజన్ మటుకే. దీపావళికి మొదలై శివరాత్రికి ఖతం. గీ ముక్క మా ఆయన మాకు చెప్పలే. నౌకరి దొరికిందన్నడు, జీతం ఎంతో చెప్పిండు. గా జీతం ఇనంగనే మామ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. తండ్రి మొకం చూసి, మిగిలిన మాట నోట్లనే మింగిండట. నాకు తర్వాత చెప్పిండు.

మొదటి జీతం తీసుకొని వచ్చిననాడు మామ జీతం చిట్టీ వట్టుకొని, "గిదేందిరా, కొంత కోసిండ్రు?" అన్నడు.

"సర్కారు టాక్స్ బాపు. పెద్ద జీతమున్నోళ్ళకు కోస్తరు."

మామ చిట్టీని ఎనుకకు ముందుకు తిప్పి చూసిండు. "దొరలకు, వకీళ్ళకు పడే టాక్స్ నా కొడుక్కు వడ్డదా!" అన్నడు. కండువ భుజంమీద ఏసుకొని చాయ హోటల్‌కు పోయిండు. ఇంటికి వచ్చేసరికి వాడంత ఎరుకైంది. వేరేటోళ్ళు పైసలు కోస్తే ఏడుస్తరు. మామ మురిసిండు.

నెల తిరగకముందే మామ మగ్గం అమ్మేసిండు. అప్పుడే అన్నదమ్ముల నుంచి ఏరువడ్డ పిల్లగాడొకడు వాడ చివర ఉండె. వాడడిగితే ఎంతకో ఇచ్చేసిండు. మోకాళ్ళు నొస్తున్నయనేది నిజమే. కని నాతోని చెప్పింది ఇంకోటి. "టాక్స్ కట్టే కొడుకున్నోడు గుంతల కూసునుడేందే బిడ్డా?" అన్నడు. గుంతను తనే ఎర్రమట్టి పోసి పూడ్చిండు. నేను అలికిన.

మా ఆయన వచ్చి చూసి, గడపకాడనే నిలవడ్డడు. "ఎందుకమ్మినవ్ బాపు?"

"ఇంకెన్నాళ్ళు నెయ్యాలెరా? నీ కొలువుండంగ నాకేం ఫికర్?"

ఆయన చెంబెడు నీళ్ళు తాగి కూసున్నడు. గా సారి పోంగ నన్ను గూడ ఎంబడి తీస్కపోయిండు, కొన్నాళ్ళు వండిపెట్టమని. నిర్మల్ దాటినంక బస్సు ఘాట్ ఎక్కుతుంటే నేను కిటికీల నుంచి అడవి చూస్కుంట ఎంత సంబురపడ్డనో. ఆయన తల వంచుకొని కూసున్నడు. నిద్ర లేక గట్లున్నడనుకున్న.

ఆదిలాబాద్‌ల పత్తి బజారు పక్కనే ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉన్నం. ఒకనాడు కంపెనీ లెక్కలు రాసే మునీం ఆడికే వచ్చిండు. మరాఠీ మనిషి, మంచోడు.

"భావూ, ఉత్తగ ఎందుకు పైసలు పోగొట్టుకుంటవ్?" అన్నడు. "గీ జీతం నీకు ఏడాది పొడుగునా వస్తదని లెక్కవెట్టి బొంబాయోళ్ళు టాక్స్ కోస్తుండ్రు. నీది సీజన్ నౌకరి. నీ నెలలన్ని కలిపినా టాక్స్ వడేటంత కాదు. కొలువు సీజన్ మటుకే, వేరే సంపాదన లేదని ఒక కాయితం మీద రాసియ్యి. వచ్చే నెలసంది కోత బందైతది."

మా ఆయన నా దిక్కు చూడలే. "కోస్తే కోయనియ్, మునీంజీ."

"గిదేం మాట? వహినీ, నువ్వన్న చెప్పు," అని మునీం నా దిక్కు చూసి నవ్విండు. నాకు నవ్వు రాలే.

మునీం పోయినంక మా ఆయన్ని అడిగిన. "సీజన్ మటుకేనా?"

"అవు."

"మామకు తెల్వదా?"

"కోత బందైతే బాపు ఊకుంటడా? చిట్టీల టాక్స్ ఏదిరా అంటడు. ఏమని చెప్పాలె?" అంగి చేతికంటిన పత్తి పీకుకుంట అన్నడు. "వచ్చే ఏడు గూడ పిలుస్తరు, గట్లనే పర్మినెంట్ చేస్తరు, గప్పుడు చెప్తే ఏం కాదనుకున్న. మగ్గం పోతదనుకోలే."

"ఇప్పుడన్న వాపస్ అడుగుదాం."

"గా పిల్లగాడు అప్పుడే దానిమీద చీర ఎక్కిచ్చిండు. వాని నోటికాడిది గుంజుకుందామా?"

ఇద్దరం ఏడ్సినం. గా కాయితం ఆయన రాయలే.

శివరాత్రికి కంపెనీ పత్తి కొనుడు బంద్ చేసింది. మా ఆయన ఇంటికచ్చి, పెట్టె కింద పెట్టకముందే తండ్రికి అంతా చెప్పిండు. మామ కోపం చెయ్యలే. మెల్లగ అడిగిండు.

"మరి టాక్స్ తీసుకున్నరు గదరా. తీసుకున్న సర్కారోళ్ళు ఇంకో కొలువు చూపియ్యరా?"

దెప్పుదామని అనలే. నిజంగనే గట్లుంటదని నమ్మిండు. మా ఆయన "అట్లుండది బాపు" అని బయటికి పోయిండు.

తెల్లారి మామ గా పిల్లగాని ఇంటికి పోయిండు. వాడు, "పెద్దయ్యా, నా చెయ్యి దీనికి ఇంకా అలవాటు గాలే, నువ్వే కూసో" అన్నడట. గట్ల మామ తన మగ్గం మీద తనే కూలికి నేసిండు.

కోసిన టాక్స్ వాపస్ ఇమ్మని మా ఆయన తర్వాత దరఖాస్తు పెట్టిండు. చాన్నాళ్ళకు వచ్చింది. తెచ్చి తండ్రి చేతుల పెడితే మామ, "ఎందుకడిగినవ్‌రా? ఉండనియ్యకపోయినవా" అన్నడు. గా పైసలు తన కోసం ఎన్నడూ ముట్టలే.

బొంబాయోళ్ళు మళ్ళ పిలువలే. ఇంకో రెండేండ్లకు మా ఆయనకు కరీంనగర్ ధాన్యం గంజ్‌ల గుమాస్తా కొలువు దొరికింది. మొదటి జీతం తెచ్చిననాడు మామ చిట్టీ అడగలే. "ఇది ఎన్నాళ్ళదిరా?" అన్నడు.

"ఎప్పటికీ ఉంటది బాపు," అన్నడు మా ఆయన. నిజమే చెప్పిండు. మామ సరేనని తలూపి, ఎప్పటి లెక్కనే కూలికి పోయిండు. కండ్లు మసకబారేదాక పోయిండు. పొద్దుగాల ఆయన బస్సుకు, మామ మగ్గానికి, ఒక్కటేపారి బయలెల్లుతుండిరి. వాడ చివరిదాక ఒక్కటే తొవ్వ.