బెల్లం కాలు మోపిన రోజు

నా చిన్నప్పుడు మేము మద్రాసు నుంచి హైదరాబాదుకు మకాం మార్చాం. సినిమా వాళ్లు ఒక్కొక్కరుగా ఇటు వచ్చేస్తున్న రోజులవి. నాన్న కెమెరా అసిస్టెంటు, అమ్మ హీరోయిన్లకు జడలు వేసే హెయిర్ డ్రెస్సరు. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద వాటాలో దిగాం. చుట్టూ బండలు, సగం కట్టి వదిలేసిన ఇళ్లు. నా ఈడు పిల్ల ఒక్కతీ లేదు. అమ్మానాన్నలు ఔట్‌డోర్ షూటింగ్ అంటూ ఊళ్లకు వెళ్తే నెలకు గానీ రారు. ఇంట్లో నేనూ, చెవులు సరిగా వినపడని అమ్మమ్మా. పదేళ్ల పిల్లకు ఒంటరితనమేమిటని పెద్దవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. బడి నుంచి వచ్చి, ఎవరికీ ఒక్క కబురు కూడా చెప్పకుండా పడుకున్న రోజులు నాకు తెలుసు.

మా వీధిలో బెల్లం రంగు కుక్కపిల్ల ఒకటి తిరుగుతుండేది. దానికి బెల్లం అనే పేరు పెట్టుకున్నాను. ఏడెనిమిది నెలలది. పాలు తాగినంతసేపే నా దగ్గర. గిన్నె నాకడం అయ్యిందా, బండల మీద తిరిగే తన కుక్కల జట్టు దగ్గరికి ఒకటే పరుగు. దొంగపీనుగ, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసేది కాదు.

ఒకరోజు పొద్దున్న అమ్మానాన్నలను తీసుకెళ్లడానికి వచ్చిన సినిమా కంపెనీ వ్యాను వెనక్కి వస్తూ దాని వెనక కాలు తొక్కేసింది. వాళ్లకేమో రైలుకు టైమైపోతోంది. నాన్న దాన్ని అరుగు మీద పడుకోబెట్టి, నా తల నిమిరి వ్యానెక్కేశాడు. షూటింగ్ ఎవరి కోసమూ ఆగదని ఇప్పుడు నాకు తెలుసు, ఆయన్ని తప్పు పట్టను. ఆ రోజు మాత్రం పట్టాను.

కింది వాటాలో ఒక ఫైటరు ఉండేవాడు. హీరోకు బదులుగా మేడల మీంచి దూకిన మనిషి. ఇక్కడి బోరబండలోనే పుట్టి పెరిగినవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఎప్పుడో ఒక షూటింగులో కాలు విరిగిందట, ఆ కాలు ఈడుస్తూ నడిచేవాడు. ఆయనే బెల్లాన్ని తన తువ్వాల్లో చుట్టి, నన్నూ ఆటో ఎక్కించి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆపరేషన్ చేసి ఎముకలో రాడ్డు వేశారు. కొన్ని వారాలు కదలనివ్వద్దన్నారు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నా చిన్నతనంలో అంత సుఖంగా గడిచిన రోజులు మరి లేవు. బెల్లం ఎక్కడికీ పోదు. బడి నుంచి వచ్చేసరికి నా దుప్పటి మీదే ఉంటుంది. క్లాసులో జరిగినవన్నీ దానికి చెప్పేదాన్ని. పెరుగన్నం ముద్దలు చేసి తినిపించేదాన్ని. మెట్లు దిగినా ఎక్కినా చంకలోనే.

కుట్లు విప్పాక, మళ్లీ ఎక్స్‌రే తీసి, ఎముక అతుక్కుందన్నారు డాక్టరు గారు. ఇక అది ఆ కాలు వాడాలి. వాడకపోతే కండ కరిగి, కాలు బిగుసుకుపోతుంది, చివరికి తీసేయాల్సి రావచ్చు అని గట్టిగా చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి మళ్లీ చంకనెత్తుకున్నాను. కింద పెడితే అది ఆ కాలు పొట్టకు ఆనించి ముడుచుకుని మూడు కాళ్ల మీద నిలబడి నా మొహంలోకి చూసేది. ఆ చూపు చాలు, నేను కరిగిపోయేదాన్ని. "ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలంటారు, ఇది ఎక్కి దిగడమే మరిచిపోయింది," అని అమ్మమ్మ దెప్పేది. నడిపిస్తున్నావా అని బాబాయ్ అడిగితే నడిపిస్తున్నానని అబద్ధమాడేదాన్ని.

ఒక మధ్యాహ్నం దొరికిపోయాను. బాబాయ్ దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని రెండు తొడలూ తడిమి చూశాడు. దెబ్బ తగిలినది రెండోదానిలో సగం కూడా లేదు. ఆయన తిట్టలేదు. పక్కన కూర్చుని, తన లుంగీ కాస్త పైకి లాగి, చిక్కిపోయిన తన కాలు చూపించాడు.

"నా కాలు ఇరిగినప్పుడు మా అమ్మ నన్ను మంచం దిగనియ్యలే బిడ్డా. అన్నీ నోటికాడికే తెచ్చిచ్చింది. ప్రేమనే, కాదంటలేను. ఎముక అతికింది గానీ కాలు పాయె. ఇగ నన్ను ఫైటుకు ఎవ్వడు పిలుస్తడు?"

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. "అది నడిస్తే వెళ్లిపోతుంది బాబాయ్," అన్నాను. ఆయన తల తిప్పి తన గుమ్మం వైపు చూశాడు. ఆయన వాటాలోనూ ఆయన తప్ప ఎవరూ లేరు మరి.

తర్వాత లోపలికి వెళ్లి ఒక సోడా మూత తెచ్చాడు. దాంట్లో దూది కుక్కి, బెల్లం మంచి కాలి అడుగున పెట్టి, గుడ్డ చుట్టి కట్టాడు. మంచి కాలు మోపితే ఇబ్బందిగా ఉంటుంది, తప్పక రెండోది దించుతుంది, అదీ ఉపాయం. నన్ను పాల గిన్నెతో వాకిలి అవతల నిలబెట్టి, "చేతులు ఎనకకు కట్టుకో. అది ఏడ్చినా సరే దగ్గరికి పోకు," అన్నాడు.

బెల్లం అడుగు వేయబోయి కూలబడింది. కుయ్యోమంటూ నావైపే చూసింది. నేను ఉరకబోతే బాబాయ్ నా జడ పట్టుకుని ఆపాడు. అలా రోజూ కాసేపు. నాలుగో రోజున, గాల్లో వణుకుతున్న ఆ కాలు నేలకు తగిలింది. వెంటనే ఎత్తేసింది. మళ్లీ దించింది. నాలుగు కాళ్ల మీద గిన్నె దాకా వచ్చింది. బాబాయ్ ఈల వేశాడు. నేను నవ్వాను, లోపల మాత్రం దిగులు మొదలైంది.

మరో నెలకు అది గేటు సందులోంచి దూరి, కుంటుకుంటూనే బండల మీదికి పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. బాబాయ్ ఓదార్చలేదు, పక్కన నిలబడ్డాడంతే. ఆ రోజు బడి కబుర్లు ఆయనకే చెప్పాను.

మొన్నటేడు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. నెలల తరబడి స్నానం, అన్నం అన్నీ నా చేతి మీదే. నిజం చెప్పొద్దూ, ఉద్యోగం పేరుతో ఎప్పుడూ ఇంటిపట్టున లేని మనిషి నాకంటూ మిగిలారని ఒక మూల సంతోషంగానే ఉండేది. వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి ఆయన్ని హాల్లో తొలిసారి నిలబెట్టిన రోజు, ఆయన కాలు గాల్లోనే ఆగిపోయింది. "పట్టుకో," అని నావైపు చూశారు.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. కళ్లు తుడుచుకోవడానికి కూడా విప్పలేదు, ఆయన కాలు నేలను తాకేదాకా.