ఇంటర్వ్యూ అయిపోయాక అడిగిన ప్రశ్న

ఆ రోజు నేను ఇంటర్వ్యూలో అడగకూడని ప్రశ్న అడిగాను. అడగకూడదని తెలిసే అడిగాను.

అమెరికాలో నేను పనిచేసే ఆస్పత్రిలో ట్రాన్సిషనల్ ఇయర్ సీట్లు కొన్ని ఉన్నాయి. రేడియాలజీ, అనస్తీషియా లాంటి వాటిలోకి వెళ్లే డాక్టర్లు చాలామంది ముందు ఒక ఏడాది ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌గా అన్ని వార్డులూ తిరిగి రావాలి. దానికి వేరేగా అప్లై చేసుకోవాలి, వేరేగా ఇంటర్వ్యూలకు కూర్చోవాలి. ఆ ఒక్క ఏడాది దొరక్కపోతే తర్వాతి చదువు ముందుకు కదలదు. చలికాలమంతా వాళ్లతో వీడియోలో మాట్లాడి మార్కులు వేసేవాళ్లలో నేనూ ఒకణ్ని.

వార్డు పని ముగించుకుని తెర ముందు కూర్చునేసరికి నాలో ఓపిక మిగిలేది కాదు. అందరూ ఒకే జవాబు అప్పజెబుతున్నట్టు ఉండేది. ఆ సాయంత్రం చివరగా వచ్చింది ఒక తెలుగమ్మాయి. గుంటూరు వైపు ఎంబీబీఎస్ చదివి, రేడియాలజీకి వెళ్లాలనుకుంటోంది. మా ప్రోగ్రామే ఎందుకని అడిగాను. ఇక్కడ ఐసీయూ నెలలు ఎక్కువనీ, రేపు తను చూడబోయే స్కాన్ల వెనక ఉండే మనుషుల్ని ముందు దగ్గరగా చూడాలనుందనీ చెప్పింది. ఆ రోజు నేను చెవిపెట్టి విన్న జవాబు అదొక్కటే.

ప్రశ్నలు అయిపోయాయి. నేను తెలుగులోకి దిగాను.

"మనవాళ్లేనన్నమాట. మీ ఆయనేం చేస్తారమ్మా?"

"ఇక్కడే, పక్కూరు క్యారీలో సాఫ్ట్‌వేర్ సర్. అందుకే ఈ ఏరియాలో ఎక్కువ అప్లై చేశాను."

"పిల్లలా?"

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఇంకా లేరు సర్. జూన్‌లో... డెలివరీ."

"జూన్‌లోనా! మరి జూలైలో మొదలయ్యే డ్యూటీ ఎలా చేస్తావమ్మా?"

"అమ్మ వస్తోంది సర్. మేనేజ్ చేస్తాను. ప్లీజ్ సర్."

అలా బతిమాలాల్సిన పని ఆమెకు లేదు. నేను బతిమాలించాను. ఆ మాట విని కూడా మార్కులు ఒక మెట్టు తగ్గించి, కారణం దగ్గర 'కమ్యూనికేషన్' అని రాసి, ఇంటికి వెళ్లిపోయాను.

నా భార్య డిష్‌వాషర్‌లోంచి ప్లేట్లు తీస్తుంటే, ఈరోజు మనవైపు అమ్మాయి వచ్చిందనీ, ఆమెను ఇవన్నీ అడిగాననీ కబురుగా చెప్పాను.

"మీరు వెళ్లింది ఇంటర్వ్యూకా, పెళ్లిచూపులకా?" అంది.

"ఊరికేనే. మనమ్మాయి కదా అని."

"అదే. తెల్లమ్మాయినైతే అడిగేవారా? అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం ఉండేది కదా. మార్కులు తగ్గించలేదు కదా?"

నేను డిష్‌వాషర్‌లోంచి స్పూన్లు ఏరడం మొదలుపెట్టాను.

"తగ్గించారు." చేతిలో ప్లేటు కింద పెట్టేసింది. "మన బాబు పుట్టినప్పుడు మీరూ రెసిడెన్సీ ట్రైనింగ్‌లోనే ఉన్నారు. డ్యూటీ ఎలా చేస్తావని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. అందరూ భుజం తట్టారు.

మర్నాడు ఉదయం, ఈ సీట్ల వ్యవహారం చూసే ప్రోగ్రామ్ డైరెక్టర్ గదికి వెళ్లాను. కుటుంబం గురించి అడిగాననీ, దాని వల్లే మార్కులు తగ్గించాననీ, రాసిన కారణం అబద్ధమనీ చెప్పాను. నా మార్కులు తీసేసి, ఆమెను ఇంకొకరితో ఇంటర్వ్యూ చేయించమని అడిగాను.

"ఆమె ఏం చెప్పింది?" అన్నారు డైరెక్టర్.

"అది నేను చెప్పను. అడిగి ఒక తప్పు చేశాను. చెప్తే రెండోది అవుతుంది."

ఆవిడ నోట్‌ప్యాడ్ ముందుకు లాక్కున్నారు. విషయం పైకి రాస్తానన్నారు. ఈ సీజన్‌లో నాకు ఇంటర్వ్యూలు లేవన్నారు. క్షమాపణ రాస్తానంటే, ఆ అమ్మాయిని మళ్లీ ఇబ్బంది పెట్టవద్దనీ, ఆస్పత్రి తరఫున తనే చెబుతాననీ అన్నారు. సరేనన్నాను.

ఆ అమ్మాయితో మళ్లీ మాట్లాడటానికి ఒప్పుకున్న ఇంకో డాక్టరమ్మకు ఆ మధ్యాహ్నం వార్డు పనితో తీరిక లేదు. ఆవిడ పేషెంట్లను నేను చూస్తానన్నాను. ఆవిడ వార్డు పిలుపులు వచ్చే తన పేజర్ నా చేతికిచ్చి, ఆ వీడియో ఇంటర్వ్యూ కోసం పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను వార్డులో మొదటి మంచం దగ్గరికి నడిచాను.