మార్తా మేడమ్‌ని చెయ్యి ఊపమన్నాను

నా అనుమానం పుణ్యమా అని మా అనకాపల్లి బెల్లం మార్కెట్లో జనం పలకరించుకునే పద్ధతే మారిపోయిందంటే నమ్ముతారా? నమ్మకండి. నేనైతే నమ్మను. ఎవర్నీ నమ్మకే కదా ఇంతదాకా వచ్చింది!

నేనిక్కడ డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. ఆ మధ్య ఓ ఈమెయిల్ వచ్చింది. యూరప్‌లో మార్తా అనే ప్రొఫెసరట. నాలుగు దేశాలవాళ్లు కలిసి ప్రజాజీవితం మీద రీసెర్చ్ చేస్తారట. సంతల్లో, బస్టాండుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఎలా మాట్లాడుకుంటారో చూస్తారట. బెల్లం మార్కెట్ మీద నేను రాసిన వ్యాసం చదివిందట, నన్నూ చేరమంది. ఫండింగ్ ఇచ్చే సంస్థతో వీడియో కాల్ ఉంటుందంది. ఆ వ్యాసం మా ఆవిడే చదవలేదు! అక్కడే నాకు డౌటు కొట్టింది.

ప్రిన్సిపాల్ గారు మాత్రం ఎగిరి గంతేశారు. "ఇదొస్తే కాలేజీ దశ తిరిగిపోద్దండీ. మీరేం చెడగొట్టకండి," అన్నారు. పదహారేళ్లుగా అవే పాఠాలు చెప్తున్నవాణ్ణి, నాకు మాత్రం ఆశ ఉండదా? ఉంది. అందుకే భయం కూడా.

మా ఆవిడ అన్నయ్య సత్యం బావది మునగపాక, చెరకు రైతు. ఓసారి దొంగ ఫోన్‌కాల్ నమ్మి డబ్బు పోగొట్టుకున్నాడు. అప్పట్నించీ సైబర్ నేరాల్లో పీహెచ్‌డీ చేసినట్టే మాట్లాడతాడు.

"బెల్లం దిమ్మైనా గిల్లి నోట్లో ఏసుకోకుండా కొంతామేటి బావా? ఈళ్లనీ గిల్లి సూడు," అన్నాడు.

"వీడియో కాల్లో ఎలా గిల్లను బావా?"

"ముఖం ముందు సెయ్యి అడ్డంగా ఊపమను. కంప్యూటర్‌తో అతికించుకున్న దొంగ ముఖమైతే ముక్కు సెదిరిపోద్ది!"

మధ్యాహ్నం మూడింటికి కాల్. తెర మీద మార్తా మేడమ్, కెన్యా ఆయనొకరు, బ్రెజిల్ ఆవిడొకరు, ఫండింగ్ సంస్థ నుంచి కోటేసుకున్న పెద్దాయన. నా పక్కన కొత్త చొక్కాలో ప్రిన్సిపాల్ గారు. కెమెరాకి అందకుండా గోడవారన బావ. హలో అనగానే బావ సైగ చేశాడు.

"ప్లీజ్, అందరూ ఇలా..." అని నా ముఖం ముందు మూడుసార్లు చెయ్యి ఊపి చూపించాను.

అందరూ బిక్కమొహాలేశారు. తర్వాత మార్తా మేడమ్ ఊపింది. కెన్యా ఆయనా ఊపాడు. బ్రెజిల్ ఆవిడ రెండు చేతులూ ఊపింది. పెద్దాయన కళ్లజోడు తీసి మరీ ఊపాడు. నేను తెర మీదకి వంగి ఒక్కొక్కరి ముక్కూ పరీక్ష చేశాను. ఒక్క ముక్కూ చెదరలేదు! సంగతేంటో తెలియకపోయినా, తానొక్కరే మిగిలిపోతానేమోనని ప్రిన్సిపాల్ గారు కూడా ఊపేశారు.

"బ్యూటిఫుల్! ఇది మీ ఊరి పలకరింపా?" అంది మార్తా మేడమ్.

మీరు దొంగలేమోనని చూశానమ్మా అని ఎలా చెప్పను? ప్రిన్సిపాల్ గారు మోకాలితో పొడిచారు. "యెస్ మేడమ్, వెరీ ఓల్డ్," అనేశాను.

ఫండింగ్ వచ్చేసింది! కాలేజీలో స్వీట్లు పంచారు. నేను మాత్రం లెటర్ పట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. నా వంతు పని ఏంటంటే, అనకాపల్లి పలకరింపు, దాని పుట్టుపూర్వోత్తరాలు. అసలు పుట్టనిదానికి పూర్వోత్తరాలు ఎక్కణ్ణించి తేను? నిజం చెప్తే ప్రాజెక్టు పోతుంది, దాంతోపాటు నా పరువు కూడా.

పోయిన నెల మార్తా మేడమ్ స్వయంగా దిగింది. నేను ఆపేలోపే మార్కెట్లోకి వెళ్లి, దిమ్మలు సర్దుతున్న ఆడవాళ్ల ముందు నిలబడి, ముఖం ముందు చెయ్యి ఊపింది. అయిపోయింది, దొరికిపోయానని కళ్లు మూసుకున్నాను.

"ఆళ్ల దేశంలో దణ్ణం ఇలాగే ఎడతారు కావాల," అని ఒకావిడ గొంతు వినిపించింది. "మనం ఎట్టకపోతే ఏటి బాగుంటాది? ఊపండే!"

కళ్లు తెరిచేసరికి అందరూ ఊపేస్తున్నారు! భోజనాల వేళకి మార్కెట్ మార్కెట్టంతా పాకిపోయింది. మేడమ్ నోట్‌బుక్ నింపుకుని సంతోషంగా విమానం ఎక్కింది.

గండం గడిచిందనుకున్నాను. ఇవాళ పొద్దున్న మార్కెట్లో సత్యం బావ ఎదురయ్యాడు. నన్ను చూసి, ముఖం ముందు మూడుసార్లు చెయ్యి ఊపి, "బాగున్నావా బావా?" అన్నాడు.

ఆ కిటుకు చెప్పినవాడే! ఒళ్లు మండిపోయింది. తిడదామనుకున్నాను. చుట్టూ పదిమంది నేనేం చేస్తానా అని చూస్తున్నారు.

ఏం చేస్తాను? నేనూ ఊపాను.