ఎండబెట్టిన రికార్డులు

కిందటేడు తుపాను వానకి గోడ చెమ్మెక్కి, మా వారి గ్రామఫోను రికార్డుల అరలోంచి ముక్కవాసన మొదలైంది. మా మండపేటలో చెమ్మ తగిలిన దేనికైనా మందొకటే, ఎండ. ధాన్యం, మిరపకాయలు, పరుపులు, ఆఖరికి పెళ్లి ఫొటోలు కూడా డాబా ఎక్కాల్సిందే. నేనూ అట్టలు ఊడదీసి, రికార్డులన్నీ మడతమంచం మీద పరిచి, కాకులు రాకుండా నల్లగుడ్డ కూడా కట్టాను. ఎంత తెలివైనదాన్నో! మధ్యాహ్నం వెళ్లి చూద్దును కదా, అన్నీ అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయి ఉన్నాయి.

మా వారు రైసు మిల్లులో గుమాస్తా. రోజంతా ఆ మోత విని వచ్చి, కాళ్లు కడుక్కుని, సన్నాయి రికార్డు పెట్టుకుంటే గానీ మనిషిలో పడరు. ఆ సాయంత్రం ఒక రికార్డు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు, మళ్లీ అట్టలో పెట్టేశారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి సౌండు తీసేసి టీవీ ముందు కూర్చోవడం మొదలెట్టారు. నెల్లాళ్లు అదే తంతు. నాకు అన్నం సయించలేదు.

సీడీ అంటే ఆయనకి నీళ్ల మజ్జిగతో సమానం. అయినా చేసిన పాపం నాదే కదా అని, అదే సన్నాయి కచేరీ సీడీ సంపాదించి, రాజమండ్రిలో పాత సెట్లు బాగుచేసి అమ్మే షాపుకి వెళ్లాను.

షాపాయన ముందు లైట్లు మెరిసే కొత్త ప్లేయరు పెట్టి, బేసు చూడమన్నాడు. డోలు గుండెల మీద బాదుతోంది గానీ సన్నాయి గిన్నె గీకినట్టుంది. రెండోది కాస్త నయం. కానీ ఆ కచేరీలో ఒకచోట విద్వాంసుడు ఊపిరి తీసుకోవడం వినపడాలి. ముప్పై ఏళ్లుగా వంటింట్లోంచి విన్నదాన్ని, నాకు తెలీదా? అది రెండింట్లోనూ లేదు. షాపాయన విసుక్కుంటూనే అడుగు అరలోంచి బరువైన పాత ప్లేయరు తీసి దుమ్ము దులిపాడు. కళ్లు మూసుకుని విన్నాను. ఊపిరి వినపడింది.

ఇంట్లో పాత యాంప్లిఫయరు, స్పీకర్లు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

"అయితే దీన్ని వాటికే కలపండి. సగం రుచి అక్కడే ఉంటదండి," అన్నాడు.

బస్సులో దాన్ని ఒళ్లోంచి దించలేదు.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటుండగానే బటన్ నొక్కి, వంటింటి తలుపు చాటుకి పోయాను. ఆయన వచ్చి నిలబడ్డారు. కాసేపటికి కూర్చున్నారు. ఊపిరి తీసుకునే చోట కళ్లు మూసుకున్నారు. రికార్డులో మొదటి వైపు అయిపోయే కీర్తన వచ్చింది, ముగిసింది. ఆయన అలవాటుగా లేచి, రెండో వైపు తిప్పడానికి చెయ్యి చాపారు. చెయ్యి ప్లేయరు మీదకి వెళ్లేలోపే తర్వాతి కీర్తన దానంతటదే మొదలైంది.

ఆయన చెయ్యి అలాగే ఉంచి, తలుపు వైపు తిరిగి నవ్వారు.

"దీన్ని మాత్రం ఎండలో పెట్టకే," అన్నారు.

ఇన్నాళ్లకి ఆ మాటెత్తారు. హమ్మయ్య అనుకుంటూ అక్కడే కూలబడి ఏడ్చేశాను. సంజెవేళ గడప మీద కూర్చోకూడదని కూడా గుర్తు రాలేదు.