నురగ తలతో నాలుగంతస్తులు

ఊళ్లో అందరికీ దుబాయ్ అని చెప్పుకున్నాం గానీ, నేను కాపురానికి వచ్చింది అల్ ఐన్‌కి. మండు వేసవిలో దిగాను. రెండో రోజు మావారు ఆఫీసుకెళ్లాక తలంటుకుందామని షాంపూ పట్టించి, చన్నీళ్ల కుళాయి తిప్పాను. చెయ్యి చుర్రుమంది! గీజర్ స్విచ్ చూస్తే ఆఫ్‌లోనే ఉంది. కరెంటు లేకుండానే మరుగుతోందంటే ఇక పేలిపోవడమే అనుకున్నాను.

నైటీ మీద తువ్వాలు కప్పుకుని, "గీజర్ బ్లాస్ట్! సబ్ నీచే ఆవో!" అని కనపడిన తలుపల్లా బాదుతూ నాలుగంతస్తులు దిగాను. నా వెనకే సగం బిల్డింగు దిగింది.

వాచ్‌మన్ పిలిస్తే ప్లంబర్ వచ్చాడు. జగిత్యాల అతను. పైకెళ్లి చూసి, నవ్వు ఆపుకుంటూ దిగాడు.

"గీజర్‌కు ఏం కాలే అక్కా. మీద ట్యాంకు ఎండకు మసులుతది, గవే నీళ్లు చన్నీళ్ల నల్లాల వస్తయి. అందుకే ఎండకాలం ఈడ అందరు గీజర్ బంద్ పెడ్తరు. గీజర్ ఉండేది ఏసీ ఇంట్ల గద, దాంట్ల నీళ్లు సల్లగైతయి. ఎర్ర గుర్తున్న ఉడుకునీళ్ల నల్లా తిప్పుకో. యల్లా, ఇగ నడువు!"

అదంతా దిగొచ్చిన వాళ్లకి హిందీలో కూడా చెప్పాడు మహానుభావుడు. బిల్డింగంతా ఘొల్లుమంది. నురగ కళ్లలోకి కారుతుంటే, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

మొన్న మా పై ఫ్లాట్‌లో దిగిన కొత్తావిడ, నురగ తలతో మెట్ల మీద ఎదురైంది. ఆవిడ నోరు తెరవకముందే "ఎర్ర కుళాయి" అన్నాను. పోయిన నా పరువులో సగం ఆ క్షణాన తిరిగొచ్చింది!