కోతకు ముందే ఆపిన రక్తం

మా మరిది సత్తిబాబు చేపల పులుసుతో నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపిన రోజునే మాకు అనుమానం వచ్చింది. చేపల వేట నుంచి వచ్చాడంటే గిన్నె అడుగు కనపడాల్సిందే. "కడుపు నిండిపోయింది వదినా" అన్నాడు. మర్నాడూ అదే మాట. నెల తిరిగేసరికి పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది.

నర్సాపురంలో అల్ట్రాసౌండ్ తీశారు, ఆ తర్వాత రాజమండ్రిలో సీటీ స్కాన్. లివర్‌కి ఎడమవైపు హేమాంజియోమా ఉందని తేలింది.

"క్యాన్సర్ కాదండి. రక్తనాళాలు ముద్దకట్టిన గడ్డ. చిన్నదైతే వదిలేస్తాం. మీది పెద్దదై జీర్ణాశయాన్ని నొక్కుతోంది, తీసెయ్యాలి" అన్నారు సర్జన్ గారు.

క్యాన్సర్ కాదన్న సంతోషం రక్తనాళాలన్న మాట దగ్గరే ఆగిపోయింది. పన్నెండేళ్ల క్రితం మా ఆయన పొట్ట ఆపరేషన్‌లోనే రక్తం ఆగక చనిపోయారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్నది ఈ సత్తిబాబే.

ఇంటికొచ్చి "నేను కోయించుకోను. తక్కువ తింటాను, ఏం పోయింది?" అన్నాడు. అతని భార్య మంగ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు చెప్తేనే వింటారు."

నాకే నమ్మకం లేదు. నేను ఒప్పించి పంపాక అతను తిరిగి రాకపోతే మంగ మొహం ఎలా చూడను?

అతన్ని వెంటబెట్టుకుని మళ్లీ సర్జన్ గారి దగ్గరికి వెళ్లాను. మా ఆయన సంగతి చెప్పి, "రక్తం ఎలా ఆపుతారండీ?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. కాగితం మీద లివర్ బొమ్మ వేశారు.

"ల్యాపరోస్కోపీ అమ్మా, చిన్న రంధ్రాలే. కోయాల్సిన గీత పొడవునా ముందు సూదులు గుచ్చుతాం. వాటిలోంచి పంపే రేడియోఫ్రీక్వెన్సీ కరెంటుతో అక్కడి కండ వేడెక్కి, లోపలి చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆ తర్వాతే కోత. పెద్ద నాళాలకి క్లిప్పులు వేస్తాం."

"అయితే రక్తం పోదా?"

"అలా మాటివ్వను. నాలుగు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచుకుంటాం. అవసరమైతే పొట్ట తెరుస్తాం కూడా."

బయటికొచ్చాక సత్తిబాబు, "అంటే కొయ్యకముందే కాల్చేస్తారన్నమాట. నువ్వేమంటావు వదినా?" అన్నాడు.

"చేయించుకో" అన్నాను.

ఆపరేషన్‌కి ముందురోజు, రక్తం ఇస్తామని అతని పడవవాళ్లు నలుగురు ఆటోలో దిగారు. టిఫిన్ చేశారా అని నర్సు అడిగితే, "మంచినీళ్లు కూడా ముట్టలేదండి" అన్నారు గర్వంగా. ఆవిడ తల పట్టుకుంది.

"రక్తం ఇవ్వడానికి కడుపు మాడ్చుకుని వస్తారాండీ? కళ్లు తిరిగి పడిపోతారు!"

"షుగర్ పరీక్షకి తినొద్దన్నది మీరే కదండీ?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు నాగేశు.

నలుగుర్నీ ఇడ్లీ కొట్టుకి తోలింది. "ఎన్ని తినొచ్చండీ?" అని గుమ్మంలోంచి ఒకడు అరిచాడు.

మర్నాడు వరండాలో చదువుకుందామని పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ తిరగలేదు. మధ్యాహ్నం సర్జన్ గారు బయటికొచ్చి, "అరగ్లాసు రక్తం కూడా పోలేదమ్మా. ఎక్కించాల్సిన పనే పడలేదు" అన్నారు. మంగ ఏడ్చింది. నేను పుస్తకం మూసి సంచిలో పెట్టాను.

మూడో రోజు జ్వరం వచ్చింది. పొట్టలోని నీరు బయటికి రావడానికి పెట్టిన డ్రెయిన్ ట్యూబులో పసుపుపచ్చటి నీరు కనిపించింది. "బైల్ లీక్. కోసిన అంచు నుంచి పైత్యరసం కొద్దిగా కారుతోంది. మామూలుగా దానంతట అదే తగ్గుతుంది" అన్నారు సర్జన్ గారు. యాంటీబయాటిక్స్ ఇచ్చి, ట్యూబు ఇంకో పది రోజులు ఉంచారు.

చూడ్డానికొచ్చిన నాగేశు, "మా రక్తం వాడలేదంటగా?" అని చిన్నబుచ్చుకున్నాడు. బ్లడ్ బ్యాంకులో ఉందని, ఇంకెవరికో ఎక్కిస్తారని చెప్పాను.

"బతికిపోయాను. నీ రక్తం ఎక్కుంటే నీలాగే రోజూ పేకాటలో ఓడిపోయేవాణ్ణి" అన్నాడు సత్తిబాబు. నవ్వితే కుట్లు లాగి, రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

ఏడాదైంది. స్కాన్ బాగుంది, వేటకి వెళ్తున్నాడు. మొన్న వల బాగుచేసుకుంటూ, "అన్నయ్యకి పడవెక్కితే వాంతులయ్యేవి తెలుసా? నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు" అన్నాడు. నాకు తెలీదు. నవ్వొచ్చింది. ఆయన పోయాక, ఆయన గురించి మా ఇంట్లో నవ్వుకోవడం అదే మొదలు.

ఒక్కటే చెప్పగలను. ఆపరేషన్‌కి ముందు "ఏమీ కాదు కదండీ?" అని అడగకండి. మా ఆయనప్పుడు నేను అదే అడిగాను, ఏమీ కాదన్నారు. ఇంకోలా అడిగితే ఆయన బతికేవారని కాదు. కానీ "రక్తం ఎలా ఆపుతారు, ఆగకపోతే ఏం చేస్తారు?" అని అడిగితే, డాక్టరు గారు కాగితం తీసుకుని బొమ్మ వేసి చెబుతారు. అది విన్నాకే సంతకం పెట్టండి.